రాజుగారి ఉయ్యాల

ఒకానొక రాజ్యంలో చంటిపిల్లలంతా కలిసి రాజుగారి పరువు తీశారు. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను.

కుసుమగిరిని ఏలే ప్రచండవర్మ మహారాజుకి తనకు రాని విద్య లేదని గట్టి నమ్మకం. లేకలేక కొడుకు పుట్టిన సంబరంలో ఆయన స్వయంగా ఒక ఉయ్యాల బొమ్మ గీశాడు. మేలురకం టేకు, తలవైపు ముక్కు చాచిన నెమలి, చుట్టూ చిరుగంటలు, బిడ్డ దొర్లిపడకుండా గోడల్లాంటి పలకలు. వడ్రంగి నాగోజు చేత అలాంటివి చేయించి, పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ పంచిపెట్టాడు.

ఆ తర్వాత జనం ఏమనుకుంటున్నారో కనుక్కురమ్మని భటుల్ని పంపాడు. వాళ్ళు బల్లేలతో గుమ్మంలో నిలబడి, "రాజుగారి ఉయ్యాల బాగుందా, బ్రహ్మాండంగా ఉందా?" అని అడిగారు. సగంమంది బాగుందన్నారు, సగంమంది బ్రహ్మాండమన్నారు. రాజు మీసం మెలేశాడు.

ఆ మురిపెంతోనే ఊరేగింపుగా బయలుదేరాడు. రాజుగారు వస్తున్నారని తెలిసి తల్లులంతా హడావుడిగా పిల్లల్ని ఆ ఉయ్యాలల్లో పడుకోబెట్టారు. ఇంకేముంది! వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే ఏడుపు. మేళతాళాలు వినపడితే ఒట్టు.

రాజు మండిపడ్డాడు. "నేను గీసినదాంట్లో లోపం లేదు, జనమే ఒప్పుకున్నారు. అంటే ఆ వడ్రంగి కొలతలు చెడగొట్టాడు! అమావాస్యలోగా సభలో తప్పు ఒప్పుకోవాలి. లేదా పెళ్ళాంబిడ్డలతో పొలిమేర దాటాలి."

నాగోజు రాజుగారి ఆస్థానంలో చమత్కారి అయిన కొండుభట్టు దగ్గరికి పరుగెత్తాడు. "భట్టుగారూ, వెంట్రుకవాసి తేడా లేకుండా చేశానండీ. చేయని తప్పు ఒప్పుకుంటే నాకు మళ్ళీ పనెవరిస్తారు? ఒప్పుకోకపోతే ఊరే లేదు!" అని గొల్లుమన్నాడు.

కొండుభట్టు అతని భుజం తట్టాడు. "ఊరుకోవయ్యా, నేను లేనూ?" అన్నాడే గానీ, ఏం చేయాలో ఆయనకీ పాలుపోలేదు.

మర్నాడు భటుల్ని వెంటబెట్టుకోకుండా ఒక్కడే ఊళ్ళోకి బయలుదేరాడు. "అమ్మా, దాహంగా ఉంది, కాస్త మజ్జిగ పోస్తావా?" అంటూ ఓ ఇంటి అరుగెక్కాడు. లోపల రాజుగారి ఉయ్యాల నిండా ఉల్లిపాయలు. పక్కింట్లో కోడి అందులో గుడ్లు పొదుగుతోంది. ఆ తర్వాతి ఇంట్లో గౌరమ్మ అనే ఇల్లాలు బియ్యం ఏరుకుంటోంది. దూలానికి కట్టిన పాత చీర ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతున్నాడు. ఉయ్యాల తాడు ఆమె కాలివేలికి ఉంది. ఆమె కాలు కదిపితే ఉయ్యాల ఊగుతోంది.

"అదేం తల్లీ, రాజుగారి ఉయ్యాల ఉండగా?"

"ఎవరికీ చెప్పరుగా బాబుగారూ? అది కాలితో ఊపితే కదలదండీ. చేత్తో ఊపితే గంటలు మోగి పిల్లాడు ఉలిక్కిపడతాడు. ఆ పలకల వెనక వాడికి నేను కనపడను. ఇదైతే నా చీరే కదా, నా వాసన తగిలి ఇట్టే పడుకుంటాడు."

"మరి బాగుందన్నావట?"

"బల్లెం పట్టుకున్నవాడితో ఇంకేమంటామండీ!"

ఆ పూట ఇల్లిల్లూ తిరిగి, మజ్జిగ తాగి తాగి కొండుభట్టు పొట్ట ఉబ్బిపోయింది. మనసు మాత్రం తేలికపడింది. తిన్నగా నాగోజు ఇంటికెళ్ళి ఓ పని పురమాయించాడు.

అమావాస్య నాడు సభలోకి ఓ పెద్ద ఉయ్యాల వచ్చింది. "ప్రభూ, తమ మధ్యాహ్నపు కునుకు కోసం చేయించాను. సభలో అందరినీ అడిగాను, పక్కన భటుణ్ణి నిలబెట్టి మరీ అడిగాను. బ్రహ్మాండమన్నారు," అన్నాడు కొండుభట్టు.

రాజు ఉబ్బిపోయి ఎక్కి పడుకున్నాడు. గంటలు గణగణమన్నాయి. పక్కకి తిరిగితే నెమలిముక్కు బట్టతల మీద ఠక్కున పొడిచింది. "ఎవరక్కడ? ఒక్కరూ కనపడరేం?" అని లోపల్నుంచి కేకలు. ఎలాగో బయటపడి, "ఇది ఉయ్యాలా, శిక్షా? ఎవడు చేశాడిది?" అని గర్జించాడు.

"చేసింది నాగోజు, గీసింది తమరు. పసివాడి కొలతని తమ కొలతకి పెంచామంతే ప్రభూ."

రాజు కొండుభట్టు వైపు వేలు చూపాడు.

"అందరూ బాగుందన్నారన్నావే!"

"అన్నారు ప్రభూ. అందులో పడుకునేవాళ్ళని ఎవరూ అడగలేదు."

"అడిగితే మాత్రం చంటివాళ్ళు చెబుతారా?"

"ఊరేగింపు నాడు వీధివీధంతా ఒక్క గొంతుతో చెప్పారు కదా! ఈ రాజ్యంలో బల్లేనికి భయపడనివాళ్ళు వాళ్ళే మరి."

రాజు గుడ్లురిమాడు. ఇంతలో తెరచాటు నుంచి మహారాణి కిసుక్కున నవ్వింది. "ఏం చెప్పమంటారు? మన అబ్బాయి పడుకునేది కూడా నా పాత చీరలోనే."

"నా ఇంట్లో కూడానా!" అంటూ రాజు పగలబడి నవ్వాడు. నాగోజుని దగ్గరికి పిలిచి పట్టుశాలువా కప్పాడు. కొండుభట్టు మెడలో తన ముత్యాల హారం వేసి, "ఇకమీదట నేనేది గీసినా ముందు నువ్వు ఊళ్ళోకి మజ్జిగకి వెళ్ళిరా," అని ఆజ్ఞాపించాడు.

ఆ ఊపులోనే రాణిగారి పాత చీర తెప్పించి, రెండు స్తంభాలకి కట్టించుకుని తానూ పడుకుని చూశాడు. చూస్తుండగానే గుర్రు పెట్టాడు.

పాపం కొండుభట్టు! మెడలో ముత్యాల హారం, కాలివేలికి ఉయ్యాల తాడు. సాయంత్రం దాకా ఊపుతూనే ఉన్నాడు. కాలు కాస్త ఆగితే చాలు, మహారాజు కళ్ళు తెరవకుండానే కెవ్వుమనేవాడు.