జడ వెయ్యడానికి పట్టా

చిలకలపాడు రాజు మల్లభూపతికి మీసమంటే ప్రాణం. చెరువుకు గండిపడిందన్నా నిదానంగా లేచేవాడు గానీ, మీసం ఓ పక్కకు వాలిందంటే మాత్రం ఆ పూట కొలువు లేనట్టే. అలాంటి మీసాన్ని, ఏ దేశం నుంచి ఊడిపడ్డాడో గానీ కుంతలాచార్యులనే ఒకాయన మైనం రాసి తేలు కొండిలా తిప్పి నిలబెట్టాడు. రాజు రెండు గడియలు అద్దం ముందు నుంచి కదల్లేదు. కదిలాక చేసిన మొదటి పని పదిమంది కొంప ముంచే పని.

"ఇకమీదట ఈ నగరంలో దువ్వెన పట్టాలన్నా, కాటుక దిద్దాలన్నా, ఆచార్యులవారి అలంకార పాఠశాలలో రెండేళ్లు చదివి పట్టా పుచ్చుకోవాల్సిందే. ఆ బడిలో చేరనివాళ్లు దసరా దాటాక కోటలో కనబడకూడదు," అన్నాడు.

చదువుకు రుసుము మనిషికి వంద వరహాలు. ముందే కట్టాలి.

ఈ మాట అంతఃపురంలో రాణిగారికి జడ వేస్తున్న పోలమ్మ చెవిన పడింది. ఇరవయ్యేళ్లుగా ఆ జడ వేసేది ఆవిడే. రాణిగారి తలలో ఏ వెంట్రుక ఎప్పుడు నెరిసిందో రాజుకు తెలియదు, పోలమ్మకు తెలుసు. ఎవరికీ చెప్పదు కూడా. జీతం నెలకు రెండు వరహాలు, ఇంటి దగ్గర రెండు గేదెలు, అంతే ఆస్తి. గేదెల్ని అమ్మితే అటూ ఇటూగా వంద వరహాలొస్తాయి. అమ్మితే పాడి పోతుంది, అమ్మకపోతే కొలువు పోతుంది. పోలమ్మకు ఒళ్లు మండిపోయింది.

"నేను చెప్పి చూస్తానుండు," అంది రాణి.

"మీరు చెబితే ఆ మీసం అడ్డొస్తుంది తల్లీ. నేనే చూసుకుంటాను," అంది పోలమ్మ.

పాఠశాల తెరిచిన పదిరోజులకు, ముందు వెళ్లి చూసొచ్చింది. వంద వరహాలు కట్టిన నలభైమంది అక్కడ కుంకుళ్లు దంచుతున్నారు, వాకిళ్లు ఊడుస్తున్నారు, వచ్చిన షావుకార్లకు తలంటుతున్నారు. షావుకార్లిచ్చే డబ్బు మాత్రం ఆచార్యులవారి సంచిలోకి పోతోంది. మిగిలిన పొద్దంతా కొబ్బరికాయ పీచుకు జడలు. జీతమిచ్చి చేయించుకోవాల్సిన చాకిరీని ఈయన జీతం పుచ్చుకుని చేయించుకుంటున్నాడన్నమాట. వీడి తెలివి తగలెయ్య, అనుకుంది పోలమ్మ.

మర్నాడు మొహం చేటంత చేసుకుని కొలువుకు వెళ్లింది.

"ఏలినవారూ, నేనూ చదువుకుంటాను. నేనొక్కదాన్నే కాదు, అంతఃపురంలో పదకొండుమందిమీ చేరతాం."

రాజు పక్కనే కూర్చున్న ఆచార్యులు మనసులోనే పదకొండు వందలు మూట కట్టేశాడు.

"ఒక్క సందేహం అయ్యవారూ. లెక్కలు రానివాళ్లం. పట్టా వచ్చాక నెలకు ఎంత సంపాదిస్తాం?" అంది పోలమ్మ.

"పది వరహాలు. చిల్లిగవ్వ తగ్గదు."

"ఖాయమేనా?"

"సూర్యుడు తూర్పున పొడవడం ఎంత ఖాయమో అంత ఖాయం. కావలిస్తే రాసిస్తాను."

"ఇవ్వండి మరి."

రాజు తలూపాడు. లేఖకుడు రాశాడు. ఆచార్యులు దర్జాగా సంతకం పెట్టి గడ్డం దువ్వుకున్నాడు. అప్పుడు పోలమ్మ చెంగు నడుముకు దోపుకుని అసలు బేరంలోకి దిగింది.

"వంద వరహాలు ముందే అంటే మాకెక్కడివయ్యా? అలాగని మీకు అన్యాయం చెయ్యం. చదువయ్యాక మొదటి ఏడాది మా సంపాదనంతా మీరే తీసుకోండి. మా కూడు సంగతి మేం చూసుకుంటాం. నెలకు పది చొప్పున నూట ఇరవై. మనిషికి ఇరవై వరహాలు మీకు లాభం."

రాజు లెక్కల్లో కాస్త మందం. వేళ్లు మడిచి, మళ్లీ విప్పి, సరిచూసుకున్నాడు.

"బంగారంలాంటి బేరం కదా ఆచార్యులవారూ. ఒప్పేసుకోండి."

"అబ్బే, అది కాదు ప్రభూ. గురుదక్షిణ ముందే పుచ్చుకోవడం మా సంప్రదాయం," అని నసిగాడు ఆచార్యులు.

"పోనీ రెండేళ్ల సంపాదన తీసుకోండి. రెండువందల నలభై," అంది పోలమ్మ.

"అది కాదమ్మా."

"మూడేళ్లు. మూడువందల అరవై. వందకు మూడువందల అరవై ఇస్తామంటే వద్దనే మనిషిని నేనెక్కడా చూళ్లేదు. ఎందుకొద్దో ఏలినవారికి చెప్పండి."

రాజు అటు తిరిగాడు. కొలువంతా అటే తిరిగింది. ఆచార్యుల నుదుటి మీద గంధం చెమటకు కారి ముక్కు మీదికొచ్చింది. చిరాకులో నోరు జారాడు.

"వస్తేగా, మీరివ్వడానికి!"

పోలమ్మ చేతులు జోడించింది.

"విన్నారుగా ఏలినవారూ. అక్కడ నేర్పేది క్షవరమొక్కటే. అదీ మొదటి రోజే, చేరినవాళ్లకే చేసి చూపిస్తారు."

మొదటి నవ్వు తెర వెనక నుంచి వచ్చింది, రాణిగారిది. తర్వాత రాజు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు మైనం విడిపోయి ఎడమ మీసం కిందికి జారింది. మీసం జారినా కొలువు సాగడం చిలకలపాడులో అదే మొదలు.

ఆజ్ఞ రద్దయింది. నలభైమంది రుసుమూ వెనక్కిచ్చి, వాళ్ల చాకిరీకి కూలీ కట్టి, పొద్దువాలేలోగా పొలిమేర దాటమన్నారు ఆచార్యుల్ని.

"నీకేం కావాలో కోరుకో పోలమ్మా," అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ.

"నాకో పట్టా ఇప్పించండి ఏలినవారూ."

రాజు తెల్లబోయాడు. "ఇంత చేసి, మళ్లీ పట్టా ఏమిటే?"

"ఏటి పక్కనున్న పచ్చిక బీడుకు. ఆ పట్టా అయితే నా గేదెలకు కడుపు నిండుతుంది."

కొలువు మళ్లీ గొల్లుమంది. రాజు నవ్వుతూనే సరేనన్నాడు. రాసి, రాజముద్ర పడి, ఆ కాగితం చేతికొచ్చేదాకా పోలమ్మ మాత్రం అక్కణ్నుంచి కదల్లేదు.