టికెట్ కొన్న సైకిలు

మణిగిరి రాజుగారు నగరంలో బస్సు వేయించారు. బస్సు రాజుగారిదే అయినా రుబాబంతా దాని అధికారి శేషావతారానిది. బస్సులో ఎవరూ నిలబడకూడదు, నిలబడితే బస్సు కదలకూడదు అన్నది ఆయన పెట్టిన రూలే.

కత్తులకు సానబట్టే సైదులుకి ఆ పొద్దున కాలు ఒకచోట నిలవడం లేదు. కోట అవతల పెళ్ళి వంటవాళ్ళు మొద్దు కత్తులతో ఎదురుచూస్తున్నారు. సానరాయి బిగించిన సైకిలుకేమో గొలుసు తెగింది. ఆలస్యమైతే పని ఇంకొకడికి పోతుంది.

సైకిలుని బస్సు దాకా నడిపించుకొచ్చి, "ఇది సామానయ్యా, బస్సు పైన కట్టేస్తాను," అన్నాడు.

ముందు సీట్లో కూర్చున్న శేషావతారం కిటికీలోంచే, "సామాను కాదు. దానికీ మనిషి టికెట్టే కొనాలి," అన్నాడు.

టికెట్లు తనే చింపి ఇవ్వాలని కిందికి దిగాడు. సైదులు రెండు టికెట్లు కొని, గబగబా ఎక్కి, సైకిలుని అధికారి లేచిన ముందు సీట్లో నిలబెట్టి, ఖాళీగా మిగిలిన ఒక్క సీట్లో తను కూర్చున్నాడు.

"దాన్ని లేపు," అన్నాడు వెనకే ఎక్కిన అధికారి.

"టికెట్ కొన్న మనిషిని ఎలా లేపనయ్యా?"

కూర్చోడానికి సీటు లేక శేషావతారం నిలబడ్డాడు. డ్రైవరు బస్సు తీయలేదు. జనం సణగడం మొదలుపెట్టారు. సైదులు కిటికీలోంచి మాటిమాటికీ కోట వైపు చూస్తున్నాడు.

చివరికి అధికారి సైకిలు టికెట్ డబ్బు తిరిగిచ్చేసి, "సామానే. పైన కట్టు. ఈ మాట ముందే చెప్పొచ్చుగా," అన్నాడు.

"చెప్పానయ్యా. అప్పుడు మీరు కూర్చుని ఉన్నారు."