వైతరణి ఒడ్డుకు చెక్క ఆవు

ఒకానొక రాజ్యంలో ఒక రాజు చనిపోయాడు. కథలన్నీ రాజు ఉండేవాడని మొదలవుతాయి. ఇది పోయాడని మొదలవుతుంది, నేనేం చేయను.

పోయిన రాజు మంచివాడు. తాను నవ్వేవాడు, నవ్వించేవాళ్లకు ఇంత కూడు పెట్టేవాడు. ఆయన కొలువులో కూర్మన్న అనే మాటకారి ఉండేవాడు. రాజు కొడుకు కీర్తిభూపతికి మాత్రం నవ్వంటే పడదు. ఎవరు నవ్వినా తనను చూసే అనుకుంటాడు. తండ్రి కన్ను మూసిన రోజే కూర్మన్నను పిలిచి, "కర్మ అయ్యేదాకా నీ నోటికి పని లేదు, చేతులకు చెబుతాను" అని, సంభారాలు సమకూర్చే పనిలో పెట్టాడు. అప్పటినుంచి కూర్మన్న నువ్వులూ దర్భలూ విస్తళ్లూ మోస్తూ తిరిగాడు. కోటలో ఎవరూ గొంతు పెంచి మాట్లాడేవారు కాదు. బయట విడవని ముసురు.

పోయిన రాజుకు భద్రుడని ఒక ఏనుగు ఉండేది. రాజు పాడె కోట దాటినప్పటినుంచి అది మేత ముట్టలేదు. మావటి పైడయ్య చెరకు ముక్కలు నోటికి అందించి బతిమాలాడు, తిట్టాడు, చివరికి దాని ఎదుట తానూ తినకుండా కూర్చున్నాడు. పదో నాటి సాయంకాలం అది గోడకు ఆనుకుని మెల్లగా ఒరిగిపోయింది.

కీర్తిభూపతి వచ్చి చూశాడు. కంటతడి పెడతాడేమో అనుకున్నారు. ఆయన దాని దంతాలు చూశాడు.

దానికో కారణం ఉంది. తండ్రి మైల తీరకముందే అంబారీ ఎక్కి ఊరేగాలని ఆయన ముచ్చటపడితే, భద్రుడు మోకాలు వంచలేదు. నిచ్చెన వేసినా పక్కకు జరిగిపోయింది. అంతమంది ముందు రాజు సగం నిచ్చెన ఎక్కి దిగిపోవలసి వచ్చింది.

"బతికుండగా వంగలేదు. ఆ దంతాలు కోసి నా సింహాసనానికి కాళ్లు చేయించండి. మిగిలింది లోయలోకి ఈడ్పించండి" అన్నాడు.

పైడయ్య వెళ్లి దాని తొండం మీద అడ్డంగా పడుకున్నాడు. ఒళ్లు చెక్కుచెదరకుండా పూడ్చాలన్నాడు. దంతాలు లేకుండా పంపితే అక్కడ పెద్దరాజు తన ఏనుగును ఎలా గుర్తుపడతాడని అడిగాడు. భటులు అతణ్ని లేవదీసి, ఏనుగును కట్టే గొలుసుతోనే కట్టేశారు. కానీ ఆ మాట విన్నాక రంపం పట్టినవాడికి చేయి ఆడలేదు. అప్పుడు రాజు ఆస్థాన పండితుడు నృసింహావధానులను పిలిపించాడు.

అవధానులు గారు రాజు మొహం చూసి శాస్త్రం చెప్పే మనిషి. పాపమూ పుణ్యమూ ఎరగని పశువుకు యముడి దగ్గర లెక్క ఉండదనీ, లెక్క లేనిదానికి లోకమూ ఉండదనీ, అసలు దానికి ఆత్మే లేదనీ తేల్చేశారు.

"ఊపిరున్నంతసేపు పశువు. ఊపిరి పోతే దుంగ. దుంగను కోస్తే పాపమేమిటి?"

కూర్మన్న ఓ మూల కూర్చుని దర్భలు కట్టలు కడుతున్నాడు. "మరి యముడి దున్నపోతు ఎక్కడ మేస్తుందో, అవధానులు గారూ" అన్నాడు తల ఎత్తకుండా.

"అది దేవుడి వాహనం. దాని సంగతి వేరు. నీ దర్భలు నువ్వు చూసుకో."

రాజు తీర్పు చెప్పాడు. మర్నాడు గోదానం ముగియగానే దంతాలు కోస్తారు. మావటి రాజ్యం విడిచిపోవాలి. పైడయ్య గొలుసు సాగినంత మేరకు చేయి చాచి, భద్రుడి చెవి మీద ఈగలు తోలుతూ కూర్చున్నాడు.

చనిపోయినవాళ్లు యముడి దారిలో వైతరణి అనే నెత్తుటి ఏరు దాటాలంటారు. ఇక్కడ దానమిచ్చిన ఆవు అక్కడ ఒడ్డున కాచుకుని ఉంటుందట. దాని తోక పట్టుకుని అవతలికి చేరాలి. అందుకే గోదానం. ఆ దానం పట్టేది అవధానులు గారే. ఈనిన కపిలావు కావాలనీ, దూడ కూడా ఉండాలనీ ముందే కూర్మన్నకు కబురు పెట్టారు.

మర్నాడు ఏటి ఒడ్డున పందిరి కింద అందరూ కూర్చున్నారు. కూర్మన్న ఇత్తడి పళ్లెం పట్టుకుని వచ్చాడు. మీద గుడ్డ తీస్తే జానెడు చెక్క ఆవు. అంతఃపురంలో బొమ్మల కొలువు పెట్టెలోది. రంగు వెలిసిపోయింది. తోక కొస ఎవరో కొరికేసినట్టుంది.

అవధానులు గారు పీట మీదనుంచి లేచారు. "ఇదేమిటిరా?"

"గోవండి."

"ఇది చెక్క."

"ఊపిరి పోతే దుంగేనని నిన్న తమరే సెలవిచ్చారు. ఎలాగూ చివరికి అయ్యేదే కదా అని, అయిపోయినదాన్నే తెచ్చాను. పొడవదు, గడ్డి అడగదు."

"ఓరి మూర్ఖుడా, ఆ చీకట్లో, ఆ నెత్తుటి ఏట్లో మహారాజుగారు దీని తోక పట్టుకుని ఎలా దాటుతారురా? అక్కడ దారి తెలిసిన ప్రాణి ఉండాలి. తన మనిషిని గుర్తుపట్టి ఎదురొచ్చే ప్రాణి ఉండాలి."

కూర్మన్న పళ్లెం నెమ్మదిగా కింద పెట్టాడు.

"అంటే ఆవు చచ్చాక అక్కడికి పోతుంది. ఎదురుచూస్తుంది. మనిషిని గుర్తుపడుతుంది."

"గుర్తుపట్టకపోతే దానమెందుకు?"

"ఏనుగు మాత్రం దుంగ."

అవధానులు గారు ఇరుక్కున్నారు. పశువుకు ఆత్మ ఉందంటే రాజుకు దంతాలు దక్కవు. లేదంటే తనకు ఆవు దక్కదు. పందిరి వెనక కట్టేసి ఉన్న అసలు కపిలావు సరిగ్గా అప్పుడే అంబా అంది. ఆయన అటు చూశారు, రాజు వైపు చూశారు, మళ్లీ అటే చూశారు.

"గోవు దేవతా స్వరూపం. దాని సంగతి వేరు" అన్నారు.

"దేవుడికి పనికొచ్చే దున్నపోతు సంగతి వేరు. తమకు పనికొచ్చే ఆవు సంగతి వేరు. పాపం, ఏనుగు ఒక్క పెద్దరాజుకే పనికొచ్చింది. ఆయన లేడు. అందుకే దానికి ఆత్మ కూడా లేకుండా పోయింది."

అందరూ కూర్మన్న తల తెగిందనే అనుకున్నారు. ఇంతలో ఎవరో నవ్వారు. నవ్వింది రాజు. చెక్క ఆవును చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పగలబడి నవ్వుతున్నాడు.

"ఈ తోక కొరికింది నేనే. పెచ్చు గొంతులో గుచ్చుకుని ఊరంతా ఏకమయ్యేలా ఏడ్చానట. నాన్నగారు భద్రుడి మీద కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పితే గాని ఊరుకోలేదట."

అని ఇంకా నవ్వబోయాడు గాని, నవ్వు రాలేదు. బొమ్మ తోకను వేలితో తడిమాడు.

"కూర్మన్నా, అది అక్కడ నాన్నగారి దగ్గరికి చేరి ఉంటుందంటావా?"

"వెనక బయలుదేరింది ప్రభూ. కానీ పెద్ద అడుగులు కదా. ఈపాటికి కలుసుకునే ఉంటుంది."

"నేను వెళ్లేనాటికి నన్ను ఎక్కించుకుంటుందా?"

"అది దాని ఇష్టం. దంతాలు కోసినవాణ్ని మాత్రం ఎక్కించుకోదు."

రాజు పైడయ్య గొలుసు విప్పించమన్నాడు. కపిలావు దూడతో సహా అవధానులు గారి ఇంటికే వెళ్లింది. ఆయన దాని మొహం చూడలేక తలుపు చాటునుంచి తాడు అందుకున్నారని చెప్పుకున్నారు. కూర్మన్నకు రాజు తన పట్టు శాలువా తెప్పించి స్వయంగా కప్పాడు.

ఆ సాయంత్రం వానలోనే గుంట తవ్వారు. భద్రుణ్ని దంతాలతో సహా అందులోకి దించారు. రాజు గుంట అంచున, ఆ బురదలో మోకాళ్ల మీద కూర్చుని మొదటి పిడికెడు మట్టి వేశాడు. కూర్మన్న గుంటలోకి దిగి, తన శాలువా తీసి ఏనుగు మొహం మీద పరిచాడు. ఎంత లాగినా అది ఒక కంటికే వచ్చింది.

రెండో కన్ను పైడయ్య అరచేత్తో మూసి, ఇక మట్టి వేయమన్నాడు.