మూడో మడి

శార్వరి నామ సంవత్సరం. వానలు వెనకపట్టి, చలి ఇంకా మొదలుకాని రోజులు. అప్పట్లో కుందవరమనే రాజ్యాన్ని రత్నకేసరి అనే రాజు ఏలుతుండేవాడు పిల్లలూ. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు సూర్యకేతు, నడిమివాడు చంద్రకేతు, చిన్నవాడు మణికేతు. రాజుగారు మంచివాడే గాని ఆయనకి ఒక అలవాటుండేది. కడుపునిండా తింటే ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు పట్టేసేది.

ఒకరోజు కపాలకంఠుడనే మాంత్రికుడు సభకి వచ్చాడు. గాలిలో నిప్పు పుట్టించాడు. నిప్పులోంచి నీళ్ళు తీశాడు. నీళ్ళలోంచి నెమలిని లేపాడు. సభంతా నోరు తెరుచుకుని చూస్తోంది. ఇంతలో సింహాసనం మీంచి గుర్రు వినిపించింది.

మాంత్రికుడు చేతులు దించేశాడు.

"నా విద్య చూస్తూ నిద్రపోతున్నాడా మీ రాజు?"

"ఏమీ అనుకోకండి. ఇవాళ పులిహోర కాస్త ఎక్కువైంది," అన్నాడు మంత్రి.

"నా కంటిమీద కునుకు పడి నూరేళ్ళయింది. నా ఎదురుగా గుర్రు పెడతాడా వీడు? ఇక ఎలా నిద్రపోతాడో చూస్తాను," అంటూ మాంత్రికుడు రాజు రెప్పల మీంచి ఏదో చిటికెడు తీసుకుని, కొంగున ముడేసుకుని మాయమైపోయాడు.

ఆనాటి నుంచి రాజుకి నిద్ర లేదు. వారం గడిచింది, నెల గడిచింది. కళ్ళు ఎర్రగా వాచిపోయాయి. పిచ్చుక అరిచినా ఉలిక్కిపడేవాడు. చెయ్యి వణికి అన్నం ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. వైద్యుడు నాడి చూసి కొడుకులు ముగ్గుర్నీ పక్కకి పిలిచాడు.

"మాఘమాసం దాటదు బాబూ. దీనికి మందు ఒక్కటే ఉంది. ఏడు సముద్రాల అవతల దీవిలో ఒక మొక్క ఉంది. చూడ్డానికి పుదీనాకి చెల్లెల్లా ఉంటుంది. ఆకు నలిపితే నిమ్మకాయ కోసినట్టు వాసన. దాని తైలం నువ్వుల నూనెలో కలిపి కణతలకి రాస్తే బెదిరిన మనసు కుదుటపడుతుంది, నిద్ర పడుతుంది. పురుగు కుట్టిన చోట రాస్తే మంట తగ్గుతుంది. పెదవి మీద పొక్కు లేచినా అదే మందు."

"ఇంతేనా?" అని పెద్దవాడు బయల్దేరాడు. మొదటి సముద్రం ఒడ్డున ఒక వర్తకుడు కూజా నిండా నూనె ఇచ్చాడు. వారం తిరక్కుండా వచ్చేశాడు. వైద్యుడు వాసన చూశాడు. "ఇది నిమ్మగడ్డి నూనె బాబూ. దోమల్ని తోలుకోవచ్చు." అప్పటికే రాజుగారు దాన్ని పీల్చి నలభై సార్లు తుమ్మారు.

నడిమివాడు బయల్దేరాడు. మూడో సముద్రం దాకా వెళ్ళి అరకూజా తెచ్చాడు. అది నిమ్మతొక్కల నూనె. దాన్ని రాసుకుని ఎండలో కూర్చున్న రాజుగారికి కణతలు బొబ్బలెక్కాయి.

"అసలు తైలం కూజాల్లో దొరకదు నాయనా. బండెడు ఆకు ఉడికిస్తే ఆలుచిప్ప అడుగు తడుస్తుంది," అన్నాడు వైద్యుడు.

ఇక చిన్నవాడు బయల్దేరాడు. మణికేతు తెలివైనవాడే. ఏ పనైనా ఒక్కసారి చూస్తే వచ్చేస్తుందనుకునే రకం. చాలాసార్లు వచ్చేసేది కూడా.

రెండు సముద్రాలు నావ మీద దాటాడు. మూడోదాని ఒడ్డున నావ విరిగింది. అక్కడ ఇసుకలో ఒక తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. అది పెంకుటిల్లంత ఉంది. మణికేతు దుంగ ఒకటి సాయం పెట్టి దాన్ని బోర్లా తిప్పాడు.

"మూడు రోజులుగా ఆకాశం చూస్తున్నాను. విసుగొచ్చింది. ఎక్కడికి నాయనా?" అంది తాబేలు.

"ఏడో సముద్రం అవతలికి."

"ఎక్కు. మాట్లాడకుండా కూర్చోగలవా?"

"ప్రయత్నిస్తాను."

అలా మూడోది దాటాడు, నాలుగోది దాటాడు, ఐదోది, ఆరోది, ఏడోదీ దాటాడు. దీవి ఒడ్డున దించి తాబేలు చెప్పింది. "నేను అవతలి రేవులో ఉంటాను. పౌర్ణమి మర్నాడు పొద్దున్న నీటిపోటు వెనక్కి తిరుగుతుంది. అప్పుడు బయల్దేరకపోతే మళ్ళీ ఆరునెలల దాకా ఈ సముద్రం దాటడం నావల్ల కాదు."

ఆ దీవిలో ఉప్పుగాలికి చెట్టూచేమా ఏదీ బతకదు. నడిమధ్య మాంత్రికుడి కోట. కోట వెనక, గోడ చాటున, మూడు మడుల నిండా ఆ మొక్కే. మణికేతు గోడ దిగుతుంటే సాలెగూట్లో చిక్కుకున్న తేనెటీగ ఒకటి కనిపించింది. మామూలు ఈగ కాదు, పొడుగ్గా బంగారు రంగులో ఉన్న రాణి ఈగ. వేలితో దారాలు తెంచి వదిలాడు.

"చల్లగా ఉండు నాయనా. ఈ ఆకు కోసమే వచ్చావా?" అంది రాణి ఈగ.

"అవునమ్మా. మా నాన్నకి ప్రాణం మీదికొచ్చింది."

"అయితే విను. ఈ దీవిలో పూచేది ఈ మొక్క ఒక్కటే. పూత రాకముందు కోస్తేనే తైలం దిగుతుందని మాంత్రికుడు రెండు మడులు కోసేస్తాడు. మూడోది మాత్రం పూతకి వదిలేస్తాడు. వాడికి విత్తనం కావాలి, మాకు తేనె కావాలి. వాడు దుర్మార్గుడే గాని ఆ మడి జోలికి ఏనాడూ రాలేదు. మా పట్టు అడుగంటింది. ఇంకో పది రోజుల్లో ఆ మడి పూస్తేనే మాకు బతుకు. నువ్వు దాన్ని ముట్టుకోనంటే నీకు మేము సాయం చేస్తాం."

"ముట్టుకోనమ్మా. మా నాన్న మీద ఆన," అన్నాడు మణికేతు. ఆ క్షణాన మనసారా అన్నాడు.

అంతలో కపాలకంఠుడు వచ్చి పట్టుకున్నాడు. భుజం మీద పచ్చని చిలక. దాని కళ్ళు గుండ్రంగా, రెప్ప వాలకుండా ఉన్నాయి.

"ఆ గుర్రు రాజు కొడుకువి కదూ నువ్వు? ముక్కు చూస్తేనే తెలుస్తోంది. మూడు పనులు చెప్తాను. చేస్తే రెండు మడుల ఆకు నీది. చెయ్యకపోతే ఈ గోడలో రాయివి."

మొదటి పని. మంత్రంతో మూడు గుట్టల ఆకు పోశాడు. ఒకటి పుదీనా, ఒకటి తులసి, ఒకటి ఈ మొక్క. మూడూ ముక్కలు చేసి కలిపేశాడు. "ముట్టుకోకుండా, వాసన చూడకుండా నా మొక్క ఆకు విడదియ్యి." రాణి ఈగ తన వాళ్ళని పిలిచింది. వేల ఈగలు వచ్చి తమ ఆకు ముక్క ఎక్కడుంటే అక్కడ వాలి, పట్టుకుని ఎగిరి పక్కన పోశాయి. పొద్దు నడినెత్తికి రాకముందే పని అయిపోయింది.

రెండో పని మర్నాడు పొద్దున్నే చెప్పాడు. "మొదటి మడి కోసి, పొద్దు కుంకేలోగా ఆలుచిప్పెడు తైలం తియ్యి."

కోటలో తైలం బట్టీ నడిపే పిల్ల ఒకతె ఉంది. పేరు తరళ. ఆమె వాళ్ళది అత్తరు కాచే ఇల్లు. మాంత్రికుడు ఎత్తుకొచ్చి మూడేళ్ళయింది.

"కొడవలి అలా పట్టుకుంటే వేళ్ళు కూడా బానలోకి పోతాయి రాకుమారా," అందామె.

"మరెలా పట్టుకోవాలి?"

"ముందు మంచు ఆరనివ్వండి. తర్వాత చెప్తాను."

మంచు ఆరాక కోయించింది. కోసిన ఆకు వాడిపోకముందే నీళ్ళతో రాగి బానలో పెట్టించింది. కింద సన్నని సెగ. మూత మీద చల్లనీళ్ళు. ఆ నీళ్ళు గోరువెచ్చనైతే చాలు, పారబోసి మళ్ళీ చల్లనివి పోసేది. వెదురు గొట్టంలోంచి చుక్కచుక్కగా నీళ్ళు దిగాయి. ఆ నీళ్ళ మీద పలచగా, లేతపసుపు రంగులో తైలం తేలింది. దాన్ని ఈకతో తీసి ఆలుచిప్పలో పెట్టింది. మణికేతు పక్కనే నిలబడి మొత్తం చూశాడు. కింద మిగిలిన నీళ్ళని ఆమె కుండలో పోసి లోపలికి తీసుకెళ్ళింది. అది మాత్రం అతను పట్టించుకోలేదు.

మూడో పనికి మాంత్రికుడి గొంతు తగ్గింది.

"నా ప్రాణం ఈ చిలకలో దాచాను. ఎవడైనా వస్తాడేమోనని ఇది నూరేళ్ళుగా కన్ను మూయలేదు. ఇది మూయకపోతే నేనూ మూయలేను. దీన్ని నిద్రపుచ్చరా."

తరళ మణికేతు చెవిలో చెప్పింది. "చంపాలని చూడకండి. చిలక చస్తే వాడు చస్తాడు, మీ నాన్నగారి నిద్రా వాడితోనే పోతుంది. వాడి కొంగుముడి ఇంకెవరికీ విడదు. వాణ్ణి నిద్రపోనివ్వండి. మనం వెళ్ళిపోవచ్చు."

మణికేతు ఆలుచిప్పలోని తైలమంతా నువ్వుల నూనెలో కలిపి చిలక కూర్చునే కర్రకి పూశాడు. చిలక ఒకసారి రెక్కలు దులిపింది, రెండుసార్లు ఆవులించింది, మూడోసారికి తల రెక్కలో దూర్చుకుంది. కపాలకంఠుడు నిలబడ్డచోటే కూలబడి, పసిపిల్లాడిలా చెయ్యి తల కింద పెట్టుకుని పడుకున్నాడు. కాసేపటికి కోటంతా అదిరేలా గుర్రు మొదలైంది.

"మా నాన్నే నయం," అన్నాడు మణికేతు. తరళ మూడేళ్ళ తర్వాత మొదటిసారి నవ్వింది.

మర్నాడు పౌర్ణమి. రెండో మడి కోసి బానలో పెట్టారు.

"నేను రేవుకి వెళ్ళి తాబేలుని పిలుచుకొస్తాను. రాను పోను పొద్దు వాలుతుంది. నేను వచ్చేదాకా మూత మీద నీళ్ళు మారుస్తూ ఉండండి. దిగినదాన్ని దేన్నీ ముట్టుకోకండి," అంది తరళ.

"నిన్న అంతా చూశానుగా. నువ్వు వచ్చేసరికి తైలం తీసి సిద్ధంగా ఉంచుతాను."

"చూడ్డం వేరు రాకుమారా."

"వెళ్ళు, వెళ్ళు."

ఆమె వెళ్ళింది. మణికేతు త్వరగా కావాలని సెగ పెంచాడు. సెగ పెరిగేసరికి మూత మీద నీళ్ళు సలసల మరిగాయి. అవి మార్చేలోగా ఆవిరి గొట్టంలోంచి బుస్సుమని బయటికి పోయింది. కోటంతా నిమ్మవాసన. అంత వాసన వస్తే పని బాగా సాగుతోందనుకున్నాడు. చివరికి కుండ నిండా నీళ్ళు దిగాయి గాని, పైన తైలం లేదు. ఈకకి అంటేటంత కూడా లేదు.

కుండ వైపు చూశాడు. పొద్దు వైపు చూశాడు. కోపం వచ్చింది. ఉత్త నీళ్ళని కుండెత్తి ఇసుకలో పారబోశాడు.

ఇక మిగిలింది మూడో మడి.

కొడవలి పట్టుకుని వెళ్ళేసరికి మొగ్గల మీద ఈగలు తిరుగుతున్నాయి. రాణి ఈగ ఎదురొచ్చింది.

"ఎందుకొచ్చావు నాయనా?"

"ఇంకో దారి లేదమ్మా. రేపటితో నీటిపోటు తిరిగిపోతుంది. మా నాన్న చచ్చిపోతాడు."

"ఆన పెట్టావు."

"పెట్టాను."

"నిన్ను కుట్టాలని మా వాళ్ళు అంటున్నారు. ఏడు సముద్రాలు దాటొచ్చింది తండ్రి కోసం కదా అని నేనే ఆపాను. ఆ పిల్ల వచ్చేదాకా ఆగు. ఆమెని అడిగి కొయ్యి."

మణికేతు ఒక్క నిమిషం నిలబడ్డాడు. ఆమె వస్తే పారబోసిన సంగతి చెప్పాలి. ఆ మాట చెప్పడం కన్నా మడి కొయ్యడమే అతనికి సులువైంది. వంగి కోశాడు. ఒక్క ఈగా కుట్టలేదు. ఈసారి సెగ తగ్గించాడు, నీళ్ళు మార్చాడు. ఆలుచిప్పెడు తైలం దిగింది.

తరళ వచ్చింది. ముందు ఆలుచిప్ప చూసింది. తర్వాత మోడైన మూడో మడి చూసింది. తర్వాత వంగి తడిసిన ఇసుక గుప్పెడు తీసి వాసన చూసింది.

"ఇక్కడేం పోశారు?"

"రెండో మడి చెడిపోయింది. తైలం రాలేదు, ఉత్త నీళ్ళు. పారబోశాను."

ఆమె ఇసుకని మెల్లగా వదిలేసింది.

"తైలం పైకి తేలనంత మాత్రాన నీళ్ళలో లేకుండా పోదు. ఆ నీళ్ళలో గుడ్డ తడిపి నుదుటి మీద వేస్తే మీ నాన్నగారు నిద్రపోయేవారు. మా ఇంట్లో నిద్రపోని పసిపిల్లలకి అదే వేస్తాం. కడుపునొప్పి అంటే చెంచాడు అదే పట్టిస్తాం. తైలం కొనేవాళ్ళకి, నీళ్ళు ఇంటికి."

"నువ్వు నాకు చెప్పలేదు."

"ముట్టుకోకండి అని చెప్పాను."

మణికేతు మోడైన మడి వైపు తిరిగి, "ఈగల్ని మనతో తీసుకెళ్దాం. మా రాజ్యం నిండా పూలే," అన్నాడు.

పట్టుని జాగ్రత్తగా వెదురుబుట్టలో పెట్టి తాబేలు మీదికెక్కించారు. మోళ్ళలోంచి మూడు వేళ్ళు మట్టితో సహా పెకలించి తెచ్చుకున్నారు. తిరుగుదారిలో మొదటి సముద్రం దాటేదాకా బుట్టలోంచి ఝుమ్మని మోత వినపడింది. రెండోది దాటేటప్పుడు ఉప్పుగాలి తగలకుండా మణికేతు తన అంగీ కప్పాడు. మూడో సముద్రంలో మోత సన్నబడింది. బెల్లం నీళ్ళు పోస్తే కొన్ని తాగాయి. నాలుగో సముద్రం మధ్యలో అతను బుట్టకి చెవి ఆనించి చాలాసేపు ఉండిపోయాడు. తాబేలు కూడా ఆగింది. తరళ అతని భుజం మీద చెయ్యి వేసింది.

మాఘమాసం వెళ్ళకముందే ఇల్లు చేరారు. రెండు చుక్కలు నువ్వుల నూనెలో కలిపి రాజుగారి కణతలకి రాశారు. ఆయన కొడుకు మొహం చూసి, "చిక్కిపోయావురా చిన్నోడా," అని, ఆ మాట మీదే కళ్ళు మూశాడు. మూడు పగళ్ళు పడుకుని లేచి, పులిహోర అడిగాడు. రాజ్యమంతా పండగ చేసుకుంది. మణికేతుకీ తరళకీ పెళ్ళి చేశారు. అన్నలిద్దరూ వర్తకుల దగ్గర నూనెలు కొనడం మానేసి తమ్ముడికే పట్టం కట్టమన్నారు. మణికేతు ముప్పై ఆరేళ్ళు రాజ్యమేలాడు. మూడు వేళ్ళూ మొలిచి తోటలయ్యాయి. ఇంటింటా ఆ నీళ్ళు కాచారు. తేలు కుట్టినా, కందిరీగ కుట్టినా, పసిపిల్లలు నిద్రపోకపోయినా అవే వాడారు. బట్టీ దగ్గర రాజైన మణికేతే కూర్చుని నీళ్ళు మార్చే రోజులుండేవి. ఆయన్ని ఎవరైనా మెచ్చుకుంటే లేచి వెళ్ళిపోయేవాడు.

ఏడో సముద్రపు దీవిలో తేనెటీగలు లేకుండా పోయాయి. బుట్టలో బయల్దేరినవాటిలో ఒక్కటి కూడా కుందవరం చేరలేదు.