కొబ్బరిచిప్ప మునిగేలోగా

శ్యామదేశంలో అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తిలో మొనగాడు, రెండోవాడు విల్లులో మొనగాడు. మూడోవాడైన తరంగుడికి మాత్రం ఒక్కచోట కాలు నిలవదు. అన్నం కూడా తిరుగుతూ తినేవాడు, మహానుభావుడు!

ఏడు సముద్రాల అవతలి దీవి నుంచి బిడాలాక్షుడనే మాంత్రికుడు ఆ దేశానికి వానలు రాకుండా కట్టేశాడు. వాడి పని పట్టడానికి పెద్దవాడు కత్తితో వెళ్లి రాయయ్యాడు. రెండోవాడు విల్లుతో వెళ్లి రాయయ్యాడు. ఆ కబురు ఒక తాబేలు మోసుకొచ్చింది. ఆయుధం ఎత్తినవాణ్ని వాడు రాయి చేస్తాడట. ఉత్తచేతులతో బరిలోకి దిగి, చిల్లి పెట్టిన కొబ్బరిచిప్ప నీళ్లలో మునిగేలోగా గెలిస్తే అన్నలు లేస్తారట, లేకపోతే తరంగుడూ రాయేనట. మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉందట, కానీ ఆ దీవిలో వెయ్యి చిలకలున్నాయట.

అన్నలంటే తరంగుడికి ప్రాణం. గిలగిల్లాడిపోతూ, పోరు నేర్పే బువా అవ్వ దగ్గరికి పరుగెత్తాడు. రెండు పిడికిళ్లు, రెండు మోచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాలు, ఎనిమిది ఆయుధాలు ఒంట్లోనే ఉన్నాయని అవ్వ చెప్పింది. మూడేళ్ల విద్య మూడు నెలల్లో పట్టేశాడు. ఒక్కటే పట్టుబడలేదు. పోరుకు ముందు సన్నాయికీ డప్పుకూ బరి చుట్టూ మెల్లగా అడుగులేసి, గురువుకు మూడుసార్లు మోకరిల్లాలి. వీడు రెండోదానికే లేచిపోయేవాడు.

"ఏం మరిచినా ఫరవాలేదు నాయనా, ఇది ఎగ్గొట్టకు" అంది అవ్వ.

అవ్వ మనవరాలు మాలి అతని చేతులకు నారతాడు చుట్టి, తన చీర అంచు చింపి జబ్బకు కట్టింది. కడుతూనే ఏడ్చింది. అతను తాబేలు మీద ఎక్కి, ఏడు సముద్రాలూ దానితో పోట్లాడుతూనే దాటాడు. అది దాని నడకే నడిచింది.

బరి పక్కన రాళ్లై నిలబడ్డ అన్నల్ని చూడగానే అతని గుండె చెరువైంది. డప్పు మోగింది. చిప్పను నీళ్లలో వదిలారు. మాంత్రికుడు ఆవలిస్తూ వచ్చాడు. కొట్టెయ్, కొట్టెయ్ అని పిడికిళ్లు దురద పెడుతున్నాయి. అయినా పళ్లు బిగించి మెల్లగా అడుగులేశాడు. అవ్వను తలచుకుని ఒకసారి మోకరిల్లాడు, మాంత్రికుడు పకపకా నవ్వాడు. రెండోసారి మోకరిల్లాడు, చిప్ప సగం నిండింది. ఒళ్లంతా చెమటలు. మూడోసారి మోకరిల్లి తలెత్తాడు.

చుట్టూ కొమ్మల మీద వెయ్యి చిలకలు డప్పుకు మెడలాడిస్తున్నాయి. ఒక్కటి మాత్రం ఆడించడం లేదు. మాంత్రికుడు నవ్వినప్పుడల్లా దాని రొమ్ము ఎగిరిపడుతోంది.

ఇక చూడాలి! మాంత్రికుడికి మోచేత్తో ఒక్కటిచ్చాడు, మోకాలితో ఒక్కటిచ్చాడు, మూడోది ఎగిరి ఆ చిలకున్న కొమ్మనే తన్నాడు. చిలక చేతిలో పడింది. గొంతు నొక్కేసరికి మాంత్రికుడు బూడిదయ్యాడు. అప్పుడు బుడుంగున మునిగింది చిప్ప.

అన్నలిద్దరూ లేచారు. పెద్దవాడు తమ్ముణ్ని వాటేసుకుని ఏడ్చేశాడు.

"రాయినైనా అన్నీ కనబడ్డాయిరా. నువ్వు మొక్కుతుంటే, కొట్టి చావరా అని లోపల్లోపలే తిట్టుకున్నాను. నేను కత్తి దూశానే గాని, చుట్టూ ఒక్కసారి చూడలేదు. రాజ్యం నువ్వే ఏలు."

వాన కురిసింది. తరంగుడు మాలిని పెళ్లాడి, ముసలివాడయ్యేదాకా చల్లగా ఏలాడు. పెళ్లినాడు అవ్వకు మూడు మొక్కులూ తీరిగ్గా మొక్కి లేచేసరికి విందు చల్లారిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. వెనకాల అన్నలిద్దరూ, శిష్యులుగా చేరడానికి, తమ వంతు మొక్కుల కోసం నిలబడి ఉన్నారు.