తోక పైకి తిరిగిన రాయి

తంగిరాల భీమసేనరావుగారికి ఒక అలవాటు ఉండేది. ఏ రాయి దగ్గరికి వెళ్ళినా, సుత్తి బయటికి తీయకముందే సీసాలోంచి నీళ్ళు పోసి దాని ముఖం కడిగేవారు. దుమ్ము పట్టిన రాయి ఏమీ చెప్పదు, తడిస్తేనే దాని రంగూ రూపూ బయటపడతాయి. కడగడం అయ్యాకే, మిగిలితే, తాను ఓ గుక్క తాగేవారు. ఎండలో నాలుక పిడచకట్టుకుపోయిన శిష్యులు "సారుకి రాళ్ళతో చుట్టరికం, మనతో ముఖపరిచయం" అని చాటున నవ్వుకునేవారు. ఇంకో అలవాటు కూడా ఉంది. కష్టమైన ప్రశ్న అడిగితే ఆయన నల్లబల్ల వైపు చూసేవారు కాదు. చెప్పులు విడిచి బూట్లు తొడుక్కుని "పద" అనేవారు.

ఆయన దగ్గర భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఉరుకుందమ్మ ఒక ఉదయం అడిగినది అలాంటి ప్రశ్నే. సముద్రం అడుగున నేల పెద్ద పెద్ద పలకలుగా ఉంటుందనీ, ఒక్కోసారి ఒక పలక పక్కదాని కిందికి వంగి భూమి లోపలికి దిగిపోతుందనీ పుస్తకాలన్నీ చెబుతాయి. ఒకసారి దిగడం మొదలైతే కోట్ల ఏళ్ళు దిగుతూనే ఉంటుంది. అంతవరకు పేచీ లేదు.

"మొట్టమొదట ఎలా దిగుతుంది సార్? పక్కనుంచి ఏదో తోస్తే దిగుతుందా, తన బరువుకు తానే దిగుతుందా?"

జవాబు తెలియక అడిగింది కాదు. తెలిసిపోవడమే ఆమెకు వచ్చిన చిక్కు.

గద్వాల దాటాక బోడగుట్ట అని ఒకటుంది. ఏ కాలంలోనో సముద్రం అడుగున పారిన లావా అక్కడ నల్లరాయిగా మిగిలింది. ముప్పై ఏళ్ళ కిందట భీమసేనరావుగారు ఆ గుట్టను కిందినుంచి పైదాకా చదివి, అక్కడి పలకను ఏదో తోస్తేనే దిగిందని తేల్చారు. ఆయనకు పేరు తెచ్చిపెట్టింది ఆ మాటే. అదే గుట్టను ఉరుకుందమ్మ మళ్ళీ చదివితే, సారు దాన్ని తలకిందులుగా చదివారని తేలింది. నీళ్ళలో పారే లావా తలగడల్లాంటి ముద్దలు కట్టి ఒకదానిమీద ఒకటి పేరుకుంటుంది. ప్రతి ముద్దకూ పైన గుండ్రటి వీపు ఉంటుంది, కింద రెండు ముద్దల సందులోకి జారిన తోక ఉంటుంది. తోక ఎటుంటే అటు కింద అని లెక్క. బోడగుట్టలో తోకలు ఆకాశం వైపు ఉన్నాయి. అంటే తర్వాతెప్పుడో గుట్ట గుట్టంతా తిరగబడింది. ఆయన చివర పారిందనుకున్న లావా నిజానికి మొదట పారింది. వరస మారేసరికి కథే మారిపోయింది: ఏదో తోసి ఉంటే ముందు నేల నలిగేది, ఆ లావా చివర పారేది; అదే మొదట పారిందంటే ముందుగా అక్కడ చోటు ఖాళీ అయిందన్నమాట. పలకను ఎవరూ తోయలేదు. తన బరువుకు తానే కుంగింది, కుంగినచోట ఖాళీ ఏర్పడింది, ఆ ఖాళీలోకి అడుగునున్న వేడి ఉబికి వచ్చి లావాగా పారింది.

ఈ సంగతి రాస్తే గురువుగారి జీవితకాలపు మాట పోతుంది. రాయకపోతే తన పరిశోధన అబద్ధమవుతుంది. నెలాఖరుకు ఆయన పదవీ విరమణ కూడాను. ఊరినుంచి వచ్చిన కొత్తలో ఇంగ్లీషు పాఠం అర్థంకాక ఆమె వెనక బెంచీలో ఏడుస్తుంటే, ఏడాదిపాటు సాయంత్రం పూట కూర్చోబెట్టి పాఠమంతా తెలుగులో మళ్ళీ చెప్పిన మనిషి ఆయన. ఆ రుణం ఆమె మరిచిపోయేది కాదు. "తిన్నింటి వాసాలు లెక్కపెడతావా? ఆ అధ్యాయం తీసి పారేయ్" అన్నారు తోటివాళ్ళు. ఆరునెలలుగా ఆమె ఈ సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతోంది.

భీమసేనరావుగారు బూట్లు తొడుక్కున్నారు. "పద, బోడగుట్టకి."

ఆమె సంచి భుజాన వేసుకుని ఆయన వెనకే నడిచింది.

గద్వాలలో ఎక్కిన పల్లెవెలుగు బస్సులో కాలు పెట్టే సందు లేదు. చంకలో పసిబిడ్డతో ఒక పిల్లతల్లి కడ్డీ పట్టుకుని ఊగిపోతోంది. ఆమె పక్కనే సీట్లో ఒక భారీ ముసలమ్మ ఇద్దరి చోటు తానొక్కతే ఆక్రమించి కూర్చుంది. "జర జరుగు పెద్దమ్మా, జరుగు" అని కండక్టరు గదమాయించాడు. ఆమె చలించలేదు. పక్కావిడ మోచేత్తో పొడిచి చూసింది.

"నన్ను జరిపేటోడు ఇంకా పుట్టలే" అంది ముసలమ్మ.

"నీకో దండం తల్లీ" అని కండక్టరు వెనక్కి పోయాడు. కాసేపటికి అందరూ ఆమె సంగతి మరిచిపోయారు. అప్పుడు ముసలమ్మ ఉస్సురంటూ తనంతట తానే లేచి, నడవలో నేలమీద చతికిలబడింది. "కూసో బిడ్డా. నా బరువు నేనే మోయలేకున్న. కిందనే నాకు నిమ్మళం." పిల్లతల్లి గబుక్కున సీట్లోకి చేరి బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. భీమసేనరావుగారు ఇదంతా సినిమా చూసినంత శ్రద్ధగా చూశారు. ఉరుకుందమ్మ కూడా చూసింది గాని, ఆమె మనసంతా బోడగుట్ట మీదే ఉంది.

గుట్టెక్కి ఆయన సరాసరి తన పాత బండ దగ్గరికే వెళ్ళారు. సీసా మూత తీసి, ఎన్నడూ లేనిది, ఆమె చేతికిచ్చారు.

"ఆరునెలలుగా నువ్వు ఈ గుట్ట పేరెత్తడం లేదు. నా దగ్గర దాచావంటే అది నా గురించే అయ్యుంటుంది. కడుగు."

ఆమె ముళ్ళకంప పక్కకు లాగి నీళ్ళు పోసింది. నల్లటి ముద్ద మెరిసింది. దాని తోక పైకి, ఆకాశంలోకి చూస్తోంది. భీమసేనరావుగారు మోకాళ్ళమీద కూలబడి, చాలదన్నట్టు తల నేలకు ఆనించి, రాయిని దాని అసలు తీరులో చూడబోయారు. టోపీ జారి గుట్ట కిందికి దొర్లిపోయింది. అంతటి ఆచార్యుడు అలా తలకిందులుగా ఉండి పకపకా నవ్వడం మొదలుపెట్టేసరికి ఉరుకుందమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"ఆ రోజు దాహమేసి నీళ్ళు నేనే తాగేశానమ్మా" అన్నారు లేచి కూర్చుని. "దీని ముఖం కడగలేదు. ముందు రాయికి పోయడం ఆ తర్వాతే నేర్చుకున్నాను. కానీ దీని దగ్గరికి మళ్ళీ రావడానికి మాత్రం ధైర్యం చాలలేదు."

"ఆ అధ్యాయం తీసేస్తాను సార్."

"తీసేస్తే గుట్ట మళ్ళీ తిరగబడుతుందా?" అని ఆయన బండకు ఆనుకున్నారు. "నాకేమీ తెలియదనుకుని మొదటినుంచి చెప్పు."

ఆమె చెప్పింది. మొదట తడబడింది, తర్వాత తన్ను తానే మరిచిపోయి చెప్పింది. ఆయన మధ్యమధ్య సందేహాలు అడిగారు, కొన్నింటికి ఆమె దగ్గర జవాబు లేకపోతే, వెతకాల్సింది ఇంకా ఉందని సంతోషించారు. చివరికి సీసాలో మిగిలిన గుక్కెడు నీళ్ళూ ఆమెకే ఇచ్చి, "నా తప్పు నా తర్వాత కూడా మిగిలిపోతుందేమోనని భయపడ్డాను. నా కళ్ళముందే దిద్దావు, చల్లగా ఉండు" అన్నారు. వెనకటికి ఆ సాయంత్రాల్లో ఆయన పాఠం చెబుతుంటే ఎంత నిశ్చింతగా ఉండేదో, ఇప్పుడు ఆయన వింటుంటే కూడా ఆమెకు అంత నిశ్చింతగానూ ఉంది. ఇలాంటి గురువు దొరకడం తన అదృష్టమని ఆమె ఆ రాళ్ళన్నింటికీ వినబడేలా అనేసింది. ఆయన మాత్రం ఆమె అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు.

పదవీ విరమణ రోజున హాలు కిటకిటలాడింది. ఆయన చివరి ఉపన్యాసం బోడగుట్ట మీదేనని అందరికీ తెలుసు. భీమసేనరావుగారు మైకు ముందుకు వచ్చి, మెడలోని దండలు తీసి బల్లమీద పెట్టారు. "బోడగుట్టను నేను తలకిందులుగా చదివాను. సరిగ్గా చదివినావిడ ఇక్కడే ఉంది. మిగతాది ఆవిడ చెబుతుంది" అని, మెట్లు దిగి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

హాలంతా గుసగుసలు. ఉరుకుందమ్మ పరుగున వచ్చి ఆయన పాదాలు పట్టుకుంది. కన్నీళ్ళు ఆగలేదు.

"మిమ్మల్ని నేనే కిందికి తోసేశాను సార్."

"బస్సులో ఆ పెద్దమ్మను ఎవరు తోశారు?" అన్నారాయన.

ఆమె తలెత్తి చూసింది. ఆయన ఖాళీగా ఉన్న వేదికను చేత్తో చూపించారు.

"చోటు ఖాళీ అయింది. ఆ తర్వాత ఏం జరుగుతుందో రాసింది నువ్వే కదమ్మా."