అన్నయ్య నిలబడి చూసిన రంగు

అనగనగనగా ఒక మగ్గాల ఊళ్ళో ఒక అన్న, ఒక చెల్లెలు ఉండేవాళ్ళు.

ఇటు జరిగి పడుకో, దుప్పటంతా నీకేనా? రేపు మీ నాన్న లాప్‌టాప్ కొనడానికి తీసుకెళ్తాడని నీకు నిద్ర పట్టట్లేదు, నాకు తెలుసు. గులాబీ రంగు మూత ఉన్నదే కావాలని పొద్దుట్నించీ ఇల్లు పీకి పందిరేస్తున్నావు. అందుకే ఈ కథ. ఊఁ కొడుతూ వినాలి. నువ్వు ఊఁ ఆపితే నేను కథ ఆపేస్తా.

ఆ అన్న పేరు భావనారాయణ. ఊరంతా భావన్న అని పిలిచేవాళ్ళు. నూలుకి రంగులద్దడం ఆయన పని. చెల్లెలేమో చీరల అంచులూ బుటాలూ గళ్ళ కాగితం మీద గీసేది. ఏ అంచుకి ఏ రంగో చెల్లెలు చెప్పేది. అప్పుడు అన్న ఆ రంగు అద్దేవాడు. ఆ తర్వాత ఆ నూలు మగ్గాలకి వెళ్ళేది.

ఆ చెల్లెల్ని నేనే, మీ నాయనమ్మనే. చివరిదాకా దాచి నిన్ను ఆశ్చర్యపరచడం నా వల్ల కాదు, ఇప్పుడే చెప్పేస్తున్నా.

మా అన్నయ్యకి పొలం లేదు, పుట్రా లేదు. పిల్లాజెల్లా లేరు. ఆయన ఆస్తల్లా ఆ రెండు కళ్ళే. ఆర్నెల్ల కిందట ఒక్కసారి చూసిన రంగు మళ్ళీ కావాలంటే, పాత చీర తెమ్మనకుండానే అచ్చం అదే రంగు దించేవాడు. వంగపండు రంగుల్లోనే ఎన్ని రకాలో చెప్పేవాడు. లేత వంకాయ, ముదురు వంకాయ, కోసి గంటసేపు ఎండలో పడేసిన వంకాయ. నేను పడీపడీ నవ్వేదాన్ని. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. ఆయనకి అవి నిజంగా మూడు రంగులే.

అద్దకం వాళ్ళకి ఒక పద్ధతుంది. ఏ రంగునీ గదిలో చూసి ఒప్పుకోరు. నూలు ఆరాక వీధిలోకి తెచ్చి, పొద్దుటి వెలుతుర్లో పట్టుకుని చూస్తారు. అన్నయ్యయితే రవిక గుడ్డ కొన్నా అంతే, తువ్వాలు కొన్నా అంతే. కొట్లోంచి బయటికి తెచ్చి చూస్తేగానీ సంచీలో వేసుకోడు.

అలా ఉండగా, ఒకనాడు పట్నం వ్యాపారులు వచ్చి, "శేషారత్నమ్మగారూ, ఇంకా కాగితాలేంటండీ? డిజైన్లు కంప్యూటర్లో చేసి పంపించండి" అన్నారు. నాకు ముచ్చటేసింది. నలభై ఏళ్ళు దాటాక పంతం పట్టి నేర్చుకున్నా. అప్పుడు లాప్‌టాప్ కొందామని అన్నయ్యనీ వెంటబెట్టుకుని పట్నం వెళ్ళా.

కొట్లో ఒక అమ్మాయి ఉంది, చక్కటి పిల్ల. నన్ను మూడు ప్రశ్నలు అడిగింది.

మొదటిది, "మెమరీ ఎంత కావాలమ్మా?" అని. అంటే గిన్నె పెద్దదా చిన్నదా అని అడిగినట్టన్నమాట. నాకవన్నీ వచ్చని చూపించుకోవాలిగా, "పెద్దదే, డిజైన్ ఫైళ్ళు బరువుంటాయి" అన్నాను. ఆ పిల్ల మెచ్చుకుంది. అది నాకు కొంచెం తలకెక్కింది.

రెండోది, "మీటల కింద లైటు కావాలా?" అని. కావాలన్నా. ఎందుకో నాకే తెలియదు. పట్టపగలు పని చేసుకునేదానికి మీటల కింద దీపావళి ఎందుకే?

మూడోది, "తెర ఎలాంటిది కావాలి?" అని. రెండు లాప్‌టాపులు పక్కపక్కన పెట్టింది. ఒకటి ఎర్ర మూతది, అద్దంలా మెరిసే తెర. బొమ్మ పెడితే పువ్వులు కళ్ళలోకి దూకుతున్నాయి. రెండోది నల్లగా, లావుగా, మెరుపు లేని తెరతో మొద్దులా ఉంది. ధర రెండిటిదీ ఇంచుమించు ఒకటే. ఆ పిల్ల రెండోదాని మీద చెయ్యి వేసి, "రంగుల పని చేసుకునేవాళ్ళకి ఇదే మంచిదమ్మా. కూర్చుని చూసినా, నిలబడి చూసినా, పక్కనుంచి చూసినా రంగు మారదు" అని చెప్పింది. స్పష్టంగా చెప్పింది. నేను విన్నా కూడాను.

అన్నయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, రంగు చేతులు దేనికీ తగలకూడదని. అప్పుడు మెల్లిగా, "ఆ రెండూ ఓసారి వీధిలోకి తెస్తే చూద్దాం తల్లీ" అన్నాడు.

కొట్లో వాళ్ళంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఊరుకో అన్నయ్యా, ఇదేమన్నా తువ్వాలా?" అని కసిరి, ఎర్ర మూతదాని మీద చెయ్యి పెట్టా. పైన పటారం, లోన లొటారం అని మా అమ్మ ఊరికే అనలేదు. ఆ తర్వాత బస్సులో ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చుకున్నా.

ఇప్పుడు జాగ్రత్తగా విను. అంతకుముందు నేను గళ్ళ కాగితం పక్కన ఏ రంగు కావాలో ఆ నూలుపోగు ముక్క గుచ్చి అన్నయ్యకి ఇచ్చేదాన్ని. లాప్‌టాప్ వచ్చాక ఇంకా ముక్కలెందుకని ఆ పోగుల డబ్బా అవతల పడేశా. అన్నయ్యని ఇంటికి పిలిచి తెర మీదే రంగు చూపించడం మొదలుపెట్టా. నేను కుర్చీలో కూర్చుని చూపించేదాన్ని. ఆయన నా వెనకాల నిలబడి చూసేవాడు. రంగు చేతులతో, రంగు పంచెతో ఆయన ఎవరింట్లోనూ కూర్చునేవాడు కాదు. కూర్చోమని నేనూ అనేదాన్ని కాదు, కుర్చీకి మరకవుతుందని.

మొదట పసుపు అడిగా, మామిడిపండు పసుపు. అన్నయ్య అద్ది తెచ్చాడు. తెర పక్కన పెట్టి చూస్తే వెలవెలబోతూ నిమ్మకాయ పసుపులా ఉంది. "ఇదేంటన్నయ్యా?" అన్నా. ఆయన నూలు వంక చూసుకుని, పట్టుకెళ్ళి ఇంకో ముంచు ముంచి తెచ్చాడు.

ఆ తర్వాత చిలకపచ్చ అడిగా. మళ్ళీ అంతే. చిలకపచ్చ కాదు, ఎండిన గడ్డి. ఈసారి కొంచెం విసుక్కున్నా. మర్నాడు చూస్తే అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని రంగు బానల దగ్గర ఉన్నాడు. ఎవరికీ చెప్పకుండా పట్నం వెళ్ళి చేయించుకొచ్చాడు. దాని కాడ నిండా వేళ్ళ రంగు అప్పుడే అంటుకుంది.

మూడోసారి కుంకుమ ఎరుపు. అది పెళ్ళి చీరకి. పెళ్ళివారు తొందరపెడుతున్నారు. నలుగురు నేతగాళ్ళు నూలు కోసం వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. అప్పుడు అన్నయ్య అద్దిన నూలు చుట్టలు, చిలపలంటాం, తెచ్చాడు. చూద్దును కదా, కుంకుమ కాదు, కడిగిన టమాటా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నలుగురి ముందూ, "నీ కళ్ళు పోయాయన్నయ్యా. ఒప్పుకోవచ్చుగా? రంగు తెలియని మనిషికి అద్దకం ఎందుకు?" అన్నాను.

అవునే, అన్నాను. అలా చూడకు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

అన్నయ్య నూలు వంక చూశాడు. తెర వంక చూశాడు. ఆ తర్వాత నా వంక చూశాడు. "అంతేనేమో తల్లీ" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు తగిలించినా బాగుండేది. ఆయన నన్ను నమ్మేశాడే. సొంత కళ్ళకంటే నన్నే నమ్మాడు.

ఆ సాయంత్రమే బానలన్నీ తోమి బోర్లించాడు. ఆ తర్వాత ముసలమ్మల పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. ఎవరన్నా ఏమిటిదని అడిగితే, "కళ్ళు ఆనట్లేదు" అని చెప్పేవాడు. మూణ్ణెల్లకి ఆయన గోళ్ళలో రంగు పోయింది. నాకు బుద్ధి తెలిశాక ఆయన గోళ్ళు తెల్లగా ఉండటం అదే మొదటిసారి.

ఊఁ కొట్టవేం? వింటున్నావా? సరే.

నేనేమో పక్కూరి నుంచి వీరాస్వామి అనే అద్దకం ఆయన్ని కుదుర్చుకున్నా. నలభై ఏళ్ళ మనిషి, గద్ద కళ్ళు. ఆయనకీ తెర మీద పసుపు చూపించా. నిమ్మకాయ తెచ్చాడు. పచ్చ చూపించా. గడ్డి తెచ్చాడు. ఎరుపు చూపించా. టమాటా తెచ్చాడు.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఇద్దరి కళ్ళూ ఒకే రకంగా ఎలా పోతాయి? వీరాస్వామి నూలు పట్టుకుని ఎక్కడ నిలబడ్డాడో చూశా. నా కుర్చీ వెనకాల. కుర్చీలోంచి లేచి, ఆయన్ని పక్కకి జరగమని, అక్కడ నిలబడ్డా. అక్కణ్ణించి తెర వంక చూశా.

కుంకుమ ఎరుపు లేదక్కడ. ఉన్నది టమాటా రంగే. కూర్చున్నా, కుంకుమ అయింది. లేచా, టమాటా అయింది. పిచ్చిదానిలా కూర్చుంటూ లేస్తూ ఉన్నా. వీరాస్వామి భయపడి నీళ్ళు తెమ్మంటారా అని అడిగాడు.

అన్నయ్య ఒక్కసారి కూడా తప్పు అద్దలేదమ్మా. ఆయన నిలబడ్డ చోట ఏ రంగు కనిపించిందో అచ్చం ఆ రంగే దించాడు. పసుపు, పచ్చ, ఎరుపు, మూడూ వెంట్రుకవాసి తేడా లేకుండా.

అప్పుడు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. అన్నయ్య రాట్నం దగ్గరున్నాడు. కాళ్ళ మీద పడి అంతా చెప్పా. ఆయన నన్ను లేపి కూర్చోబెట్టి, "పోనీలే తల్లీ, తెర తప్పుకి నువ్వేం చేస్తావు?" అన్నాడు.

తెర తప్పు కాదన్నయ్యా, నా తప్పు అనాలా వద్దా? నీ మాట వినకుండా కొన్నా, నలుగుర్లో నీ పరువు తీశా అని చెప్పాలా వద్దా? నోటిదాకా వచ్చింది. కానీ ఆయన అంత తేలిగ్గా వదిలేస్తుంటే, హమ్మయ్య అనిపించి ఊరుకున్నా. నా నోరు, అనకూడనప్పుడు అంది, అనాల్సినప్పుడు మూసుకుంది.

సరే, నేను బతిమాలగా బతిమాలగా అన్నయ్య బానలు మళ్ళీ పొయ్యెక్కించాడు. నేను మళ్ళీ నూలుపోగు ముక్కలు గుచ్చి ఇవ్వడం మొదలుపెట్టా. అంతా మామూలైపోయిందనుకున్నా.

మొదటి రోజు పసుపు అద్దాడు. నూలు ఆరాక చిలప పట్టుకుని మా గుమ్మం ముందుకి వచ్చి వెలుతుర్లో నిలబడ్డాడు. "చూడు తల్లీ, ఇది మామిడిపండు పసుపేనా?" అన్నాడు. హాస్యమాడుతున్నాడనుకున్నా. రెండో రోజు పచ్చ తెచ్చి అడిగాడు. మూడో రోజు ఎరుపు తెచ్చి అడిగాడు. ప్రతిసారీ రంగు దేవుడు దిద్దినట్టుంది. ప్రతిసారీ ఆయన నా మొహం వంకే చూస్తున్నాడు, నూలు వంక చూడట్లేదు.

ఒకరోజు ఉండబట్టలేక, "నీకు తెలియదా అన్నయ్యా? నన్నడగడమేమిటి?" అన్నా.

అప్పుడాయన, "తెలిసినట్టే ఉంటుందే. కానీ అప్పుడూ అలాగే ఉండేది కదా" అన్నాడు.

ఇంకో తొమ్మిదేళ్ళు బతికాడు మా అన్నయ్య. ఆ తొమ్మిదేళ్ళూ రంగు తీసిన ప్రతిరోజూ మా గుమ్మంలోకి వచ్చి అడిగాడు. నేను చూసి బాగుందని చెబితేగానీ ఆ నూలు మగ్గాలకి పంపేవాడు కాదు. రంగు గురించి నాకేం తెలుసే? ఆయన అద్దినదాన్ని చూసి నేర్చుకున్నదాన్ని.

ఆ ఎర్ర మూతదాన్ని ఎవరికో ఇచ్చేసి, నల్లది తెచ్చుకున్నాలే. లాప్‌టాప్‌దేముంది, ఇది కాకపోతే ఇంకోటి. రేపు నువ్వూ కూర్చుని చూడు, నిలబడి చూడు, ఆ తర్వాత గులాబీ మూతే కావాలంటే అదే కొనుక్కో, నేనేమీ అనను. అన్నయ్య తన కళ్ళని నమ్ముకునేవాడు. ఆ నమ్మకం నేను తీసేశా, మళ్ళీ ఇవ్వలేకపోయా. ఎన్నిసార్లు "బాగుందన్నయ్యా" అన్నా అది తిరిగి రాలేదు.

ఇదేంటి, నువ్వు ఏడుస్తున్నావా? ఛ, ఊరుకో. నా కొంగుతో తుడుచుకో. కళ్ళు మూసుకో, చెప్తా.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
నిద్దరేమో నీ కంటికి,
నిట్టూర్పు నా వంతుకి.